హాజరుపట్టీ ఎవరికొరకు?

గోదావరిఖనిలో షిఫ్టు మారు వేళకు గనిమీదికి వెళ్లినవారు ఒక దృశ్యమును చూచియుందురు. కార్మికుడు మొదట మస్టరు వద్ద తన హాజరు వేయించుకొనును. పిదప లాంపురూమునకు పోయి తన నంబరు గల టోపీదీపమును తీసికొని గనిలోనికి దిగును. షిఫ్టు ముగిసి పైకి వచ్చిన పిమ్మట ఆ దీపమును తిరిగి అక్కడనే అప్పగించును. వేళ దాటినను ఏదేని ఒక దీపము తిరిగి రానిచో అది ఎవరి దీపమని విచారింతురు. ఆ మనిషి పైకి వచ్చెనా, లోపలనే యున్నాడా అని వెదకుదురు. అతడెక్కడనున్నదియు తెలియువరకు ఆనాటి లెక్క ముగియదు.

ఇది ఒక అధికారి దయ వలన ఏర్పడిన ఆచారము కాదు. 2025 నవంబరు వరకు అమలులోనుండిన 1952వ సంవత్సరపు గనుల చట్టములోని 48వ సెక్షను దీనిని విధించినది. భూగర్భమున పనిచేయువారి రిజిస్టరు, ఏ క్షణమున తెరచి చూచినను, ఆ క్షణమున లోపలనున్న ప్రతి మనిషి పేరును చూపవలెనని ఆ సెక్షను భావముగా నుండెను. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు ముంచుకొని రాగా 17 మంది కార్మికులు మృతిచెందిరి. అట్టి దినమున గనిమీదికి పరుగెత్తి వచ్చిన కుటుంబములన్నియు అడుగు ప్రశ్న ఒక్కటే: లోపల ఎవరెవరున్నారు? ఆ ప్రశ్నకు జవాబు చెప్పుటకే ఆ పట్టీ ఉన్నది.

శ్రోతలారా, మేము నేడు ప్రసంగింపదలచినది గనులను గురించి కాదు. ఆ గని కార్మికుల బిడ్డలు చదువుకొను కళాశాలలను గురించి. అక్కడను ఒక హాజరుపట్టీ కలదు. కొంతకాలముగా ఆ పట్టీ కాగితమును విడిచి యంత్రములోనికి ప్రవేశించినది. విద్యార్థి వ్రేలిముద్రను, ముఖమును, గుర్తింపు కార్డును యంత్రము చూచి లెక్కించుచున్నది. బోనఫైడు సర్టిఫికెట్టు మొదలు ఫీజు రాయితీ వరకు విద్యార్థి చేసికొను విన్నపములు కూడ కంప్యూటరు గుండా పోవుచున్నవి. ఈ మార్పు మంచిదా, చెడ్డదా అని వాదించుట మా ఉద్దేశము కాదు. అది వచ్చియే యున్నది. ఆ పట్టీ ఎవరికొరకు వ్రాయబడుచున్నదని మాత్రమే మేము విచారింపగోరుచున్నాము.

మొదట ఈ ప్రాంతమున ఉన్నతవిద్య ఎంత ఆలస్యముగా అడుగుపెట్టినదో జ్ఞప్తికి తెచ్చుకొందము. ఇల్లెందు సమీపమున విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు బొగ్గును కనుగొన్నది 1871లో. అక్కడ త్రవ్వకము 1889లో ఆరంభమైనది. సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో ఏర్పడినది 1920 డిసెంబరు 23న. కాని గనులను గురించి ఉన్నతవిద్య బోధించు కళాశాల కొత్తగూడెమున వెలసినది 1978లో మాత్రమే. అదియే 2025లో డాక్టర్ మన్మోహన్‌సింగ్ పేరిట భూవిజ్ఞాన విశ్వవిద్యాలయముగా మారినది. ఇటు గోదావరి తీరమున చూడగా, కరీంనగరులో శాతవాహన విశ్వవిద్యాలయము 2008లోను, సెంటినరీ కాలనీలో జె.ఎన్.టి.యు. వారి మంథని ఇంజనీరింగు కళాశాల 2010లోను, రామగుండమున ప్రభుత్వ వైద్య కళాశాల 2022లోను వచ్చినవి. బొగ్గు వెలికి వచ్చిన శతాబ్దమునకు పిమ్మటగాని బొగ్గు త్రవ్వినవాని బిడ్డకు చేరువలో పెద్దచదువు దొరకలేదు. కనుకనే ఇచ్చటి విద్యార్థి ఒక్కడు తరగతికి రాకుండుట చిన్న విషయమని మేము తలపజాలము.

పూర్వము తరగతిలో హాజరు తీసికొను పద్ధతి మీకందరకు తెలిసినదే. అధ్యాపకుడు పేరు పిలుచును, విద్యార్థి పలుకును. ఆ పద్ధతిలో లోపములు లేకపోలేదు. స్నేహితుని బదులు స్నేహితుడు గొంతు మార్చి పలుకుట ఉండెను. నూరుమంది గల తరగతిలో పేర్లు పిలుచుటకే పది నిమిషములు పోవుచుండెను. నెలాఖరున రిజిస్టరు పుటలను కూడి శాతములు కట్టుటలో తప్పులు దొరలుచుండెను. అయినను దానియందొక గుణము కలదు. పిలిచిన పేరునకు జవాబు రానప్పుడు అధ్యాపకుడు తలయెత్తి చూచును. "ఏమైనది? మూడు దినములుగా రాలేదేమి?" అని ప్రక్కవానిని అడుగును. వాని తండ్రికి గనిలో దెబ్బ తగిలినదనియో, ఆస్పత్రిలో ఉన్నారనియో ప్రక్కవాడు చెప్పును. ఆ ఒక్క ప్రశ్నతో ఒక ఇంటి కష్టము కళాశాలకు తెలిసెడిది.

ఇక యంత్రము సంగతి. 2014లో కేంద్రప్రభుత్వ కార్యాలయములలో ఆధార్‌తో ముడిపడిన వ్రేలిముద్రల హాజరు ఆరంభమైన పిదప ఇట్టి యంత్రములు దేశమంతట వ్యాపించినవి. 2023లో తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు ముఖమును గుర్తించు పద్ధతి వచ్చినది. వైద్య కళాశాలల అధ్యాపకులకు 2025 మే 1 నుండి జాతీయ వైద్య కమిషను ముఖము ద్వారానే హాజరును విధించినది. కనుక ఈ లెక్క శిష్యులతో ఆగక గురువులను కూడ చేరినది.

యంత్రము మనిషిని ఎట్లు గుర్తించును? వ్రేలిమీది గీతలు ఎక్కడ ముగియుచున్నవో, ఎక్కడ రెండుగా చీలుచున్నవో గమనించి ఆ స్థానములను అంకెలుగా మార్చి దాచుకొనును. ముఖమునందలి కన్నులు, ముక్కు, దవడల పొందికను కూడ ఇట్లే అంకెలలోనికి మార్చును. మరునాడు వచ్చినవాని అంకెలను దాచిన అంకెలతో పోల్చును. రెండు దినముల అంకెలు ఎన్నడును అచ్చముగా సరిపోవు. వెలుతురు మారును, వ్రేలు చెమ్మగిల్లును, ముఖము ప్రక్కకు తిరుగును. అందువలన ఎంత పోలిక ఉన్నచో ఒప్పుకొనవలెనో ఒక హద్దును ముందుగా ఏర్పరతురు.

ఈ హద్దు సంగతి బొగ్గు జల్లెడను చూచినవారికి తేలికగా బోధపడును. జల్లెడ కన్నులు పెద్దవైనచో అక్కరలేనిది కూడ క్రిందికి జారును. కన్నులు మరీ చిన్నవైనచో కావలసినదియు పైననే నిలిచిపోవును. యంత్రము హద్దు సడలినచో ఒకని బదులు ఇంకొకడు చెల్లిపోవును. హద్దు బిగిసినచో నిజముగా వచ్చినవాడు కూడ రానివాడగును. రెండు తప్పులను ఒక్కసారి పూర్తిగా పోగొట్టు యంత్రము ఇంతవరకు లేదు. ఈ సత్యమును కళాశాల అంగీకరించిన తరువాతనే యంత్రమును గోడకు బిగింపవలెను. అట్లు అంగీకరించినచో తప్పు పడినప్పుడు దిద్దుటకు ఒక మనిషిని కూడ నియమించును.

తప్పు దిద్దకపోయినచో ఏమగునో ఒక చిన్న లెక్కతో చూతము. ఒక విద్యార్థిని ఉన్నదనుకొందము. ఆమె తండ్రి గనిలో పనిచేయుచున్నాడు. సెమిస్టరులో 90 పనిదినములు ఉన్నవనుకొందము. ఆమె 68 దినములు తరగతికి వచ్చినది. అనగా 75 శాతమునకు కొంచెము పైగా. కాని మూడు దినములు యంత్రము ఆమెను గుర్తింపలేదు. నెట్‌వర్కు లేకపోవుట వలన కావచ్చును, వ్రేలు సరిగా ఆనకపోవుట వలన కావచ్చును. అప్పుడు పట్టీలో పడునవి 65 దినములు, శాతము 72. ఆమెకు మూడు దినములు పోయినట్లు కనబడును గాని నిజమునకు ఆమె ఒక గీతకు ఇవతల ఉండవలసినది అవతలికి పోయినది.

ఆ గీత ఎంత బరువైనదో తల్లిదండ్రులు ఎరిగియుండవలెను. జె.ఎన్.టి.యు. నియమముల ప్రకారము పరీక్షకు 75 శాతము హాజరు కావలెను. 65కును 75కును నడుమ ఉన్నవారిని తగిన కారణము చూపినచో కళాశాల కమిటీ రుసుము తీసికొని మన్నింపవచ్చును. 65కు దిగువనున్నవారు ఆ సెమిస్టరునే మరల చదువవలసియుండును. ప్రభుత్వమిచ్చు ఉపకారవేతనమునకును, ఫీజు రీయింబర్సుమెంటునకును 75 శాతమే కొలత. మనము ఊహించిన ఆ విద్యార్థిని ఇప్పుడు, తాను తరగతిలో కూర్చున్న దినములకు, తనకు రాని జబ్బు పేరిట డాక్టరు చీటీ తెచ్చి రుసుము కట్టి మన్నింపు కోరుకొనవలసి వచ్చును. యంత్రము చేసిన తప్పునకు మనిషిచేత అబద్ధము చెప్పించుట ఏ విద్యాలయమునకును శోభ కాదు.

నియమము కఠినముగా నుండవలదని మేము చెప్పుటలేదు. తరగతికి రానివానికి చదువు అబ్బదు. కాని హాజరును గురించి గని చట్టము చూపిన వివేకమును కళాశాలలు కూడ పరిశీలింపదగును. జీతముతో కూడిన వార్షిక సెలవునకు అర్హత కలుగుటకు ఆ చట్టము ఉపరితలమున పనిచేయువారికి ఏడాదికి 240 హాజరులను, భూగర్భమున పనిచేయువారికి 190 హాజరులను నిర్ణయించియుండెను. లోపలి పని దేహమునకు ఎక్కువ భారమని గ్రహించియే చట్టము కొలతను తగ్గించినది. అంతేకాదు, అచ్చట హాజరు ఒక హక్కును సంపాదించి పెట్టుచున్నది. ఇన్ని మస్టర్లు పడినచో ఇన్ని దినముల సెలవు నీదని కార్మికునితో చెప్పుచున్నది. మన కళాశాలల పట్టీ మాత్రము ఎక్కువగా పోగొట్టుకొను దానినే చెప్పుచున్నది.

ఈ బొగ్గుసీమలో విద్యార్థి నాగా పెట్టుటకు కారణములు ఎన్నియో కలవు. తండ్రి అనారోగ్యము వలన గనిపనికి పనికిరాడని తేలినచో కారుణ్య నియామకపు కాగితములకై కొడుకు ఆఫీసులచుట్టు తిరుగవలసి వచ్చును. కాంట్రాక్టు పనిలోనున్న అన్నకు తోడుగా తమ్ముడు రాత్రిపని చేసి ప్రొద్దున తరగతిలో కునుకుపాట్లు పడుచుండును. ఊరినుండి వచ్చు బస్సు తప్పినచో మొదటి గంట పోవును. కొందరు సోమరులును ఉందురు, కాదనము. అయితే పట్టీలో వీరందరకు పడునది ఒకే గుర్తు. ఆ గుర్తు వెనుకనున్నది సోమరితనమా, సంకటమా అని తెలిసికొనుటకు ఎవరో ఒకరు అడుగవలెను.

ఇచ్చటనే యంత్రము నిజముగా ఉపకరింపగలదు. కాగితపు రిజిస్టరులో మూడు దినముల వరుస నాగాను గమనించుటకు అధ్యాపకుడు పుటలు తిరగవేయవలెను. యంత్రము ఆ పనిని క్షణములో చేయును. వరుసగా మూడు దినములు రానివారి పేర్లను ప్రతి సాయంకాలము ఒక అధ్యాపకునికి అందజేయుమని దానికి చెప్పినచో అది అందజేయును. ఆ అధ్యాపకుడు ఇంటికి ఒక ఫోను చేసి, "బాబు రాలేదేమండి, అంతా క్షేమమేనా?" అని అడుగవలెను. సెమిస్టరు చివర నోటీసుబోర్డుమీద శాతములు అంటించుటకన్న ఈ ఒక్క పలకరింపు మేలు. అప్పటికి దిద్దుకొనుటకు కాలము మిగిలియుండును. పరీక్షల ముందువారము తెలియజేసిన లోటును ఏ విద్యార్థియు పూడ్చుకొనలేడు.

రెండవ విషయము విన్నపములు. పూర్వము ఒక సర్టిఫికెట్టు కావలెనన్నచో కరీంనగరుకో, హైదరాబాదుకో పోవలసియుండెను. గోదావరిఖని నుండి కరీంనగరు అరువది కిలోమీటర్లకు పైమాట. హైదరాబాదు రెండువందలకు పైమాట. ఆ కిటికీ ముందు నిలిచినవాడు వినునది "రేపు రండి" అను మాట. ఆ రేపటికొరకు ఒక దినపు కూలి, రానుపోను బస్సు ఖర్చు పోవుచుండెను. దరఖాస్తు ఏ బల్లమీదనున్నదో అడుగుటకు కూడ అవకాశము లేకుండెను.

ఇప్పుడు చాలవరకు ఇల్లు కదలకయే పని జరుగు మార్గము ఏర్పడినది. తెలంగాణలో డిగ్రీ ప్రవేశములు 2016 నుండి దోస్త్ అను ఒకే వేదిక ద్వారా సాగుచున్నవి. 2015లో ఆరంభమైన డిజిలాకరులో సర్టిఫికెట్టులను దాచుకొనవచ్చును. ఢిల్లీ విశ్వవిద్యాలయము రూపొందించిన సమర్థ్ అను వ్యవస్థలో ప్రవేశము, పరీక్ష, సెలవు, ఫిర్యాదు మొదలగునవన్నియు ఒకేచోట నడుచును. ఇవి ఎన్నదగిన మేళ్లు. అయినను కిటికీ స్థానమున తెర వచ్చినంతమాత్రమున జవాబు వచ్చినట్లు కాదు. తెరమీద "పరిశీలనలో ఉన్నది" అను వాక్యము రెండు మాసములు కదలకున్నచో అది "రేపు రండి" అను మాటకు తోబుట్టువే. కిటికీ వెనుక ఒక ముఖమైనను ఉండెను, బ్రతిమాలుకొనుటకు వీలుండెను. తెరను బ్రతిమాలుట ఎట్లు?

కనుక ఏ విన్నపమునకైనను నాలుగు అంశములు ఉండవలెనని మా అభిప్రాయము. మొదటిది, దరఖాస్తు నంబరు గల రసీదు. 2011 నుండి మీసేవ కేంద్రములలో ఇట్టి రసీదునకు మన ఇండ్లు అలవాటుపడియే యున్నవి. రెండవది, ఎన్ని దినములలో జవాబు వచ్చునో ముందే తెలుపుట. మూడవది, ప్రస్తుతము అది ఏ సెక్షనులో, ఏ హోదా గల ఉద్యోగి యొద్ద ఉన్నదో కనబడుట. నాలుగవది, కాదన్నచో ఎందుకు కాదో తెలుగులో ఒక వాక్యము వ్రాయుట. ఈ నాలుగును కంప్యూటరునకు కష్టమైన పనులు కావు. కార్యాలయమునకు మనసుండవలెను.

చట్టము కూడ విద్యార్థి పక్షమున కొంత నిలిచినది. విశ్వవిద్యాలయముల గ్రాంట్ల సంఘము 2023లో చేసిన ఫిర్యాదుల పరిష్కార నిబంధనల ప్రకారము ప్రతి విద్యాసంస్థకు ఫిర్యాదులు స్వీకరించు ఆన్‌లైను వేదికయు, విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీయు ఉండవలెను. కమిటీ 15 పనిదినములలో తన నివేదిక ఇయ్యవలెను. దానితో తృప్తి కలుగనిచో విశ్వవిద్యాలయము నియమించిన అంబుడ్స్‌పర్సనుకు అప్పీలు చేసికొనవచ్చును. సర్టిఫికెట్టులను అక్రమముగా అట్టిపెట్టుకొనుట కూడ ఫిర్యాదు చేయదగిన విషయముగా ఆ నిబంధనలు పేర్కొన్నవి. ఇవిగాక 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద ప్రభుత్వ విశ్వవిద్యాలయమును ఏ పౌరుడైనను ప్రశ్నింపవచ్చును. 30 దినములలో జవాబు రావలెను. ఈ సంగతులు తెలియక ఎందరో విద్యార్థులు తమ విన్నపమును మధ్యలో విడిచివేయుచున్నారు.

ఇంకొక హెచ్చరిక. వ్రేలిముద్రయు, ముఖమును విద్యార్థి దేహములోని భాగములు. ఇంటి తాళపుచెవి పోయినచో తాళము మార్చుకొందుము, వ్రేలిని మార్చుకొనలేము. కావున వానిని తీసికొను సంస్థ అవి ఎక్కడ దాచుచున్నది, ఎవరికి చూపుచున్నది, చదువు ముగిసి పోయినవాని గుర్తులను ఎప్పుడు చెరిపివేయుచున్నది అను మూడు ప్రశ్నలకు జవాబుదారి కావలెను. వ్యక్తిగత సమాచార రక్షణకై పార్లమెంటు 2023లో ఒక చట్టము చేసినది. దాని నియమములు 2025 నవంబరులో వెలువడినవి. అవి దశలవారీగా అమలులోనికి వచ్చును. కళాశాలలు గడువువరకు వేచియుండక ఇప్పుడే ఈ క్రమమును పాటించినచో గౌరవముగా నుండును.

శ్రోతలైన తల్లిదండ్రులకు మా మనవి కొంచెమే. మీ బిడ్డ హాజరు ఎంత పడినదో వారమునకొకసారి ఫోనులో చూపించుకొనుడు. వచ్చిన దినమున రానట్లు పడినచో ఆ వారములోనే వ్రాతపూర్వకముగా తెలియజేసి నకలు దగ్గర ఉంచుకొనుడు. దరఖాస్తు పెట్టిన ప్రతిసారి రసీదు నంబరును ఒక నోటుపుస్తకమున వ్రాసికొనుడు. గనిలో పనిచేయు తండ్రులకు ఇది క్రొత్త విద్య కాదు. తమ మస్టర్లను తాము లెక్కించుకొని, నెల జీతపు చీటీతో సరిచూచుకొను అలవాటు వారికి ముందునుండియు ఉన్నది. ఆ అలవాటునే బిడ్డలకు నేర్పవలెను.

కళాశాలల పెద్దలకు మేము మనవి చేయునది కూడ ఒక్కటే. గనిలో హాజరుపట్టీ చేయు పనిని మీ యంత్రముచేత కూడ చేయింపుడు. రానివాని పేరు చూచినప్పుడు ముందు వానిని వెదకుడు. శాతము లెక్క తరువాత వేయవచ్చును. తన తండ్రి దీపము తిరిగి రానిచో గనిమీద ఎవరో ఒకరు అడుగుదురను నమ్మకముతో ఈ ప్రాంతపు బిడ్డలు పెరిగినారు. తాము రెండు దినములు తరగతికి రానిచో కళాశాలలో కూడ ఎవరో ఒకరు అడుగుదురను నమ్మకమును వారికి కలిగించుట మన విద్యాలయములకు అసాధ్యము కాదు.